ఇంటి సోదా: ఇల్లాలు ఎరుగవలసిన ధర్మము

సభాపర్వకథ వినని తెలుగు ఇల్లాలు అరుదు. ధర్మరాజు జూదమున సర్వస్వము నోడిన పిమ్మట ప్రాతికామి యనువాడు అంతఃపురమునకు వచ్చి ద్రౌపదిని సభకు రమ్మని పిలిచెను. ఆమె వెంటనే లేచి పోలేదు. తలుపు మూసికొని విలపింపనూ లేదు. తన భర్త ముందు తన్ను తాను ఓడి పిదప భార్యను ఒడ్డెనా, భార్యను ఓడిన పిదప తాను ఓడెనా యని సభవారి నడిగి రమ్మని ఆ దూతను వెనుకకు పంపెను. పెద్దలు ఈ ఘట్టమును ధర్మసూక్ష్మ మందురు. నాకు మాత్రము ఇందు మిక్కిలి లౌకికమైన నీతి యొకటి కనిపించును. అధికారము పేరు చెప్పి ఎవరైన గడపకు వచ్చినపుడు, వారిని దూషింపకయు, వారికి లొంగిపోకయు, “ఈ పని చేయుటకు మీకు అధికార మెట్లు వచ్చినది?” అని యడుగుట ఇల్లాలికి తగిన పని.

పగటివేళ మన యిండ్లలో నుండువా రెవరు? మా పానగల్లులో తెల్లవారగనే మగవారు పొలములకు, బడులకు, నల్లగొండలోని కొలువులకు పోవుదురు. సోమేశ్వరాలయములను చూడవచ్చు యాత్రికుల సందడి తప్ప, ప్రొద్దు వాలువరకు వాడలో స్త్రీలు, వృద్ధులు, పసిపిల్లలే కనబడుదురు. అట్టి వేళ పోలీసువారు సోదాకు వచ్చినచో తలుపు తీయునది ఆడుదియే. వారు చూపిన కాగితము చదువవలసినది ఆమెయే. తీసికొనిపోవు వస్తువుల జాబితా చేత నందుకొనవలసినదియు ఆమెయే. కాబట్టి చట్టము మగవారి వ్యవహార మని మనము ఊరకుండుట తగదు.

సోదా యనగా మనవారికి భయముకంటె సిగ్గు హెచ్చు. ఆ యింటికి పోలీసులు వచ్చిరను మాట క్షణములో వాడ యంతయు ప్రాకును. ఏమియు దొరకలేదను మాట దాని వెనుక కుంటుచు వచ్చి, సగము దూరము కూడ చేరదు. ఈ సిగ్గుచేత కొందరు స్త్రీలు, త్వరగా ముగిసిన చాలునని బీరువా తాళపుచెవులు, నగలపెట్టె, చేతిలోని ఫోను అడుగకముందే యిచ్చివేయుదురు. మరికొందరు తలుపునకు అడ్డము నిలిచి కేకలు వేయుదురు. మొదటి పని వలన ఉన్న హక్కు పోవును. రెండవ పని వలన లేని నేరము నెత్తికి చుట్టుకొనును. ఈ రెంటికి నడుమ చట్టము చూపిన మార్గ మొకటి గలదు. దానిని తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మా జిల్లాకు సోదా క్రొత్తది కాదు. ‘తలాషీ’ యను మాట నైజాము కాలమునుండి ముసలివారి నోట నిలిచియున్నది. 1946 మొదలు 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధపోరాటమున, మొదట రజాకార్లును నైజాము పోలీసులును, 1948 సెప్టెంబరు తరువాత భారత సైన్యమును పోలీసులును, గ్రామములను చుట్టుముట్టి ఇండ్లు గాలించిరి. 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథమున ఆ పోరాటమందు పాల్గొన్న స్త్రీలు తమ కథలను తామే చెప్పియున్నారు. ఆ దినములలో గడప దాటి వచ్చువానిని ప్రశ్నించు ధైర్యము కొందరికి ఉండెను గాని, జవాబు చెప్పవలసిన బాధ్యత వానికి లేకుండెను. వానిచేత జవాబు చెప్పించుటకే రాజ్యాంగములు పుట్టినవి.

పూర్వకథ

ఈ ధర్మము ఒక్కనాట ఏర్పడినది కాదు. ఇంగ్లాండు దేశమున 1604లో సేమెయిన్ అనువాని వ్యాజ్యమునందు, ఎవని యిల్లు వానికి కోట యని న్యాయాధిపతులు పలికిరి. రాజోద్యోగి ఆ కోటలో ప్రవేశింపవలసిన సందర్భములు గలవనియు, కాని అతడు ముందుగా వచ్చిన కారణము తెలిపి తలుపు తీయుమని కోరవలె ననియు ఆ తీర్పునందే యున్నది. 1762లో జాన్ ఎంటిక్ అను రచయిత యింట రాజదూతలు చొరబడి, నాలుగు గంటలసేపు పెట్టెలు పగులగొట్టి కాగితములు తీసికొనిపోయిరి. వారి చేతిలో మంత్రిగారి ఉత్తరువు ఉండనే యుండెను. ఎంటిక్ దావా వేసెను. 1765లో లార్డ్ కామ్డెన్ అను న్యాయాధిపతి, అట్టి ఉత్తరు విచ్చుటకు మంత్రికి ఏ చట్టము అధికార మిచ్చినదో చూపుమని అడిగి, చూపలేకపోగా ఎంటిక్ పక్షమున తీర్పు చెప్పెను. రాజ్యమునకు అవసరమన్నంత మాత్రమున అధికారము పుట్టదని దాని సారము.

ఆ కాలమున అమెరికాలో ఆంగ్లేయుల పాలన సాగుచుండెను. సుంకము చెల్లింపక దించిన సరకును వెదకుటకై అక్కడి యుద్యోగులకు ఒక విధమగు వారంట్లు ఇచ్చుచుండిరి. వానిలో ఏ యిల్లు వెదకవలెనో, ఏ వస్తువు కొరకు వెదకవలెనో వ్రాసియుండదు. వ్రాయని కాగితముపై వ్రేలిముద్ర వేసి యొకని చేతి కిచ్చినట్లే! అది గలవాడు ఏ యింటనైన దూరవచ్చును. 1761లో బోస్టను నగరమున జేమ్సు ఓటిస్ అను వకీలు ఈ వారంట్లు చెల్లవని గంటలకొలది వాదించెను. వ్యాజ్యము ఓడిపోయెను గాని వాదము బ్రదికెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1791లో ఆ దేశ రాజ్యాంగమునకు చేర్చిన నాలుగవ సవరణ ఆ వాదమునకు ఫలమని చెప్పవచ్చును. ప్రజల దేహములు, గృహములు, కాగితములు, వస్తువులు అకారణమైన సోదానుండి జప్తునుండి భద్రముగా నుండవలెననియు, తగిన కారణము ప్రమాణపూర్వకముగ చూపనిదే వారంటు ఈయరాదనియు, వెదకవలసిన చోటును తీసికొనవలసిన వస్తువును అందు స్పష్టముగ వ్రాయవలెననియు అది శాసించుచున్నది.

ఇందు మూడు ముడులు గలవు. కారణము చెప్పవలెను. ఆ కారణమును పోలీసు కాక న్యాయాధికారి తూచి చూడవలెను. చోటును వస్తువును వ్రాతలో నుండవలెను. ఎచ్చటి సోదాధర్మమునైనను ఈ మూడింటి చేత కొలిచి చూడవచ్చును.

క్లీవ్‌లాండులో ఒక గృహిణి

శాసనము వ్రాసినంత మాత్రమున ఇండ్లు భద్రము కాలేదు. అమెరికాలో రాష్ట్రముల పోలీసులు అక్రమముగ తెచ్చిన సాక్ష్యమును కూడ చాల రాష్ట్రముల న్యాయస్థానములు చిరకాలము అంగీకరించుచుండెను. ఆ వాడుకను మాన్పించిన వ్యాజ్యము ఒక స్త్రీది. ఆమె పేరు డాల్రీ మాప్. ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండు నగరవాసిని. తన కుమార్తెతో ఒక యింటి పై అంతస్తులో కాపురముండెడిది.

1957 మే 23వ తేదీన పోలీసులు ఆమె యింటికి వచ్చి, ఒక బాంబు నేరములో కావలసిన మనుష్యుడు లోపల నున్నాడని తెలిసినది, తలుపు తీయుమనిరి. ఆమె తన వకీలుతో ఫోనులో మాటలాడి, వారంటు లేనిదే తీయననెను. వారు మూడు గంటలు బయట కాచియుండి, మరికొందరిని పిలిపించుకొని తలుపు పగులగొట్టి లోనికి వచ్చిరి. వారంటు ఏదని యామె యడిగెను. ఒక యుద్యోగి ఏదో కాగితమును ఎత్తి చూపెను. ఆమె దానిని లాగికొని రవికలో దోపుకొనెను. వారు పెనుగులాడి దానిని మరల తీసికొని, ఆమె చేతులకు సంకెళ్లు వేసిరి. ఆమె వకీలు వచ్చినను లోనికి రానీయలేదు. పిమ్మట ఆమె పడకగది, బిడ్డ గది, వంటగది, నేలమాళిగలోని పెట్టె, అన్నియు గాలించిరి. వెదకవచ్చినది మనిషికై, పట్టుకొన్నది అశ్లీలములన్న కొన్ని పుస్తకములను బొమ్మలను. వానిని కలిగియున్న నేరమునకు ఆమెకు శిక్ష పడెను. ఆ కాగితము మాత్రము విచారణలో ఎన్నడును దాఖలు కాలేదు.

ఆమె ఊరకుండలేదు. పై న్యాయస్థానములకు పోయెను. 1961 జూన్ 19న అమెరికా సుప్రీంకోర్టు ఆమె శిక్షను రద్దుచేసి, రాజ్యాంగమునకు విరుద్ధముగ సోదాచేసి తెచ్చిన వస్తువును ఏ రాష్ట్ర న్యాయస్థానమందును నేరస్థాపనకు సాక్ష్యముగ గైకొనరాదని తీర్పు చెప్పెను. కేంద్రప్రభుత్వపు వ్యాజ్యములకు ఈ నియమము 1914 నుండియే యుండెను. ఇప్పుడది దేశమంతటికి వ్యాపించెను. అక్రమముగ తెచ్చిన సాక్ష్యము పనికిరాదని తెలిసిన పోలీసు అక్రమమునకు పూనుకొనుటకు వెనుదీయునని దీని తాత్పర్యము. తరువాతి తీర్పులు ఈ నియమమునకు కొన్ని మినహాయింపులు పెట్టినను మూలము నిలిచియే యున్నది.

మన దేశములో

మన రాజ్యాంగము వ్రాయునపుడు ఈ నాలుగవ సవరణవంటి మాట చేర్పవలెనని కోరినవారు లేకపోలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కాజీ సయ్యద్ కరీముద్దీన్ అట్టి సవరణను ప్రతిపాదించెను. అది క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఉన్నదేయైనను రాజ్యాంగమున నుండుట మంచిదేయని డాక్టర్ అంబేద్కర్ సుముఖత చూపెను. కాని తుదకు అది అంగీకరింపబడలేదు. కాబట్టి 1950 జనవరి 26న మనకు వచ్చిన రాజ్యాంగమున ఇంటి సోదాను గూర్చిన ప్రత్యేకమగు అధికరణము లేదు.

ఈ లోటు ఫలము త్వరలోనే కనబడెను. 1954లో ఎం. పి. శర్మ వ్యాజ్యము సుప్రీంకోర్టునకు వచ్చెను. ఒక వ్యాపారకుటుంబపు సంస్థలపై విచారణలో పోలీసులు 34 చోట్ల ఒకేమారు సోదాచేసిరి. ఎనమండుగురు న్యాయమూర్తులు కూర్చుండి, అమెరికావారి సవరణవంటిది మన రాజ్యాంగకర్తలు పెట్టలేదు గనుక దానిని మేము కల్పింపజాల మనిరి.

1962లో ఖరక్‌సింగు వ్యాజ్యము వచ్చెను. ఉత్తరప్రదేశమున ఒక బందిపోటు కేసులో సాక్ష్యము లేక విడువబడిన ఇతనిపై పోలీసులు నిఘా పెట్టి, రాత్రులందు ఇంటికి వచ్చి తలుపు తట్టి నిద్ర లేపుచుండిరి. ఆ రాత్రి రాకలు చెల్లవని న్యాయమూర్తు లందరును చెప్పిరి. అయితే ఏకాంతహక్కు మన రాజ్యాంగమున లేదని అధికసంఖ్యాకుల అభిప్రాయము. దీనితో విభేదించినవాడు మన తెలుగువాడు, జస్టిస్ కోకా సుబ్బారావు. ఆ మాట రాజ్యాంగమున కనబడకున్నను ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో భాగమే యనియు, నిఘానియమము మొత్తము చెల్లదనియు ఆయన వేరుగా తీర్పు వ్రాసెను. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించెను. నాడు వారిది మైనారిటీ అభిప్రాయమే.

ఇక మన హైదరాబాదు వ్యాజ్యమును చెప్పెదను. దానిని మనవారు అంతగా ఎరుగరు గాని, ఈ ధర్మమునకు అది పెద్ద మెట్టు. 1899 నాటి స్టాంపుల చట్టము 73వ సెక్షను ప్రకారము, స్టాంపుసుంకము ఎగవేతను కనిపెట్టుటకై ప్రభుత్వోద్యోగుల వద్దనున్న రికార్డులను కలెక్టరు తనిఖీ చేయింపవచ్చును. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ సెక్షనును సవరించెను. ప్రభుత్వోద్యోగియే కాక, కాగితములు వద్దనున్న ఏ వ్యక్తియైనను వానిని చూపవలెను. కలెక్టరు వ్రాతమూలమున పంపిన ఏ మనిషియైనను లోనికి ప్రవేశించి, చూచి, నకళ్లు వ్రాసికొని, అవసరమన్న జప్తు చేయవచ్చును. బ్యాంకులలో జనులు కుదువపెట్టిన, దాచుకొన్న దస్తావేజులను ఈ విధముగ పరిశీలింపబూనగా కెనరా బ్యాంకు మొదలగు బ్యాంకులు హైకోర్టు కెక్కెను. హైకోర్టు సవరణను కొట్టివేసెను. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరుల పేర ప్రభుత్వము సుప్రీంకోర్టునకు అప్పీలు చేసెను. 2004లో అప్పీలు ఓడిపోయెను.

ఆ తీర్పునందు ఇంగ్లాండు, అమెరికా వ్యాజ్యములను వరుసగా పరిశీలించి, న్యాయమూర్తులు చెప్పిన సంగతులు మనకు మిక్కిలి ముఖ్యములు. ఎగవేత జరిగినదని నమ్ముటకు తగిన కారణము వ్రాతలో నుండవలెనన్న నియమము ఈ సవరణలో లేదనిరి. పంపబడు మనిషి ఏ స్థాయివాడో చెప్పక ‘ఎవరినైనను’ అనుట హద్దులేని అధికార మనిరి. ఏకాంతహక్కు మనిషిదేగాని చోటుది కాదు గనుక, కాగితమును నమ్మి బ్యాంకు చేతి కిచ్చినంత మాత్రమున ఆ హక్కు పోదనిరి. ఈ తుది మాటలో మన న్యాయస్థానము అమెరికాను మించినది. అక్కడ 1976లో మిల్లర్ వ్యాజ్యమునందు, బ్యాంకు వద్ద నున్న లెక్కలపై ఖాతాదారునికి నాలుగవ సవరణ రక్షణ లేదనిరి. మనవారు ఆ దారి పట్టలేదు. పుట్టింటివా రిచ్చిన నగల రసీదు, పసుపుకుంకుమల క్రింద వచ్చిన భూమి పట్టా, బిడ్డ పెండ్లికని దాచిన డిపాజిటు కాగితము బ్యాంకు పెట్టెలో నున్నను అవి మనవే, వాని మరుగును మనదే.

తుదకు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ, ఏకాంతత ప్రాథమికహక్కే యని ప్రకటించి, దీనికి విరుద్ధమైనంతవరకు 1954, 1962 నాటి మాటలను త్రోసివేసిరి. యాబదియైదు సంవత్సరముల క్రిందట సుబ్బారావుగారు మైనారిటీ అభిప్రాయముగ చెప్పిన ధర్మమే నిలిచినది. ఈ తొమ్మండుగురిలో వేరుగా తీర్పు వ్రాసిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడ తెలుగువాడే, కృష్ణాజిల్లావాడు.

మనకును వారికిని భేదము

ఇంతవరకు చదివిన సోదరీమణులు, ఇక మనకును అమెరికావారివలె రక్షణ సంపూర్ణ మనుకొనవచ్చును. అట్లు కాదు. 1970వ దశకమున పూరణ్‌మల్ వ్యాజ్యమునందు మన సుప్రీంకోర్టు, సోదా అక్రమమైనను అందు దొరకిన వస్తువు సాక్ష్యముగ పనికివచ్చునని చెప్పినది. ఆ నియమమే నేటికిని సామాన్యముగ సాగుచున్నది. అక్రమముగ తెచ్చిన సాక్ష్యమును న్యాయమూర్తి జాగరూకతతో తూచి చూడవచ్చును గాని, తప్పక త్రోసివేయవలెనను నియమము లేదు. మాదకద్రవ్యముల చట్టమున మాత్రము ఒక ముఖ్యమైన మినహాయింపు గలదు. మనిషి ఒంటిని సోదాచేయుటకు ముందు, గెజిటెడు అధికారి యెదుటగాని మేజిస్ట్రేటు యెదుటగాని సోదా చేయించుకొను హక్కు నీకు గలదని అతనికి చెప్పవలెను. అట్లు చెప్పనిచో ఆ సోదాపైననే ఆధారపడిన శిక్ష నిలువదని 1999లో బల్‌దేవ్‌సింగు వ్యాజ్యమున తీర్పు వచ్చినది.

దీని భావ మేమి? అమెరికాలో గడప యొద్ద జరిగిన తప్పును పిదప కోర్టులో దిద్దుకొను దారి వెడల్పైనది. మన యొద్ద ఆ దారి యిరుకు. కావున మన దేశమున సోదా జరుగుచున్న సమయమున ఇంటనున్నవారు ఏమి చూచిరి, ఏమి యడిగిరి, ఏమి వ్రాయించిరి యను దానికి విలువ మరింత హెచ్చు. ఇంటనుండునది స్త్రీ గనుక, ఈ భారము ముఖ్యముగ మనపై పడినది.

గడప యొద్ద అడుగవలసినవి

2024 జూలై 1 నుండి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడునకు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. సోదానుగూర్చిన పాత నియమములు పెక్కు అందు నిలిచియున్నవి. కొన్ని క్రొత్తగ చేరినవి.

వారంటుతో వచ్చినచో దానిని చూపుమని కోరి చదువవలెను. ఎవరి యిల్లు, ఏ వస్తువు, ఎవరి సంతకము అనునవి చూడవలెను. వారంటు సరియైనదైన తలుపు తీయుట మన విధి, అడ్డగించుట నేరము.

వారంటు లేకుండ వచ్చుటయు కొన్నియెడల చట్టసమ్మతమే. 185వ సెక్షను ప్రకారము, ఠాణా అధికారిగాని దర్యాప్తు అధికారిగాని, దర్యాప్తునకు కావలసిన వస్తువు ఫలాని చోట నున్నదని నమ్ముటకు తగిన ఆధారములుండి, ఆలస్యము చేసినచో అది దొరకదని తోచినపుడు సోదా చేయవచ్చును. అయితే ఆ కారణములను, వెదకు వస్తువును ముందు వ్రాసియుంచవలెను. ఆ వ్రాత ప్రతిని 48 గంటలలోగా మేజిస్ట్రేటునకు పంపవలెను. ఇంటివారు అర్జీ పెట్టుకొన్న మేజిస్ట్రేటు దాని నకలును ఉచితముగ ఇప్పించును. కనుక, “ఏ కేసులో వచ్చితిరి? ఏ వస్తువు కొరకు వచ్చితిరి? కారణము వ్రాసితిరా?” అని నెమ్మదిగ అడుగుట మన హక్కు. “వారంటు లేదు గదా” యని తలుపు మూయుట మాత్రము తగదు.

సోదా మొదలిడుటకు ముందు ఆ వాడలోని స్వతంత్రులు, గౌరవనీయులునగు ఇద్దరిని లేక అంతకెక్కువమందిని సాక్షులుగా పిలువవలెనని 103వ సెక్షను చెప్పుచున్నది. పొరుగింటివారిని పిలిచిన సిగ్గని మనమే వలదనుచుందుము. ఇది పెద్ద పొరపాటు. ఏమియు దొరకనప్పుడు, దొరకలేదని చెప్పగలవారు వారే. అట్లే, పొరుగున సోదా జరుగునపుడు వ్రాతపూర్వకముగ పిలిచినను సకారణము లేక రాకుండుట నేరమని కూడ చట్ట మనుచున్నది. ఇరుగుపొరుగు ధర్మమును చట్టము గుర్తించిన చోట్లలో ఇది యొకటి.

ఇంటివారికి సోదా జరుగుచున్నంతసేపు దగ్గరనుండి చూచు హక్కు గలదు. వంటయింటిలో కూర్చుండుమని ఎవరన్నను, చూచుటకు నాకు హక్కు గలదని చెప్పవలెను. తీసికొన్న ప్రతి వస్తువును, అది దొరకిన చోటును జాబితాలో వ్రాసి, సాక్షులచేత సంతకము చేయించి, దాని నకలును ఇంటివారి కీయవలెను. నగలైనచో ఎన్ని, ఎట్టివి, ఎంత తూకమని వ్రాయించుకొనుట మేలు. ‘బంగారు వస్తువులు కొన్ని’ యను వ్రాత మనకు ఏమాత్రము రక్షణ కాదు.

105వ సెక్షనున చేరిన క్రొత్త నియమము మనకు ఉపకారకము. సోదాయు, జప్తుయు, జాబితా వ్రాసి సంతకములు చేయుటయు మాటతోను బొమ్మతోను రికార్డు చేసి, ఆలస్యము లేక మేజిస్ట్రేటునకు పంపవలెను. “రికార్డు చేయుచున్నారా?” యను చిన్న ప్రశ్న పెక్కు తగవులను ముందే ఆపును.

స్త్రీలకు ప్రత్యేకముగ కొన్ని నియమములు గలవు. స్త్రీ ఒంటిని సోదాచేయవలసి వచ్చినచో మరియొక స్త్రీయే, మర్యాదకు భంగము రాకుండ చేయవలెను. నలుగురి యెదుటికి రాని ఆచారముగల స్త్రీ యుండు గదిలోనికి బలవంతముగ ప్రవేశింపవలసి వచ్చినచో, ఆమె బయటికి పోవుటకు ముందు అవకాశ మీయవలెను. సూర్యాస్తమయము తరువాత, సూర్యోదయమునకు ముందు స్త్రీని అరెస్టు చేయరాదు. తప్పనిసరియైన అసాధారణ సందర్భమున మహిళా పోలీసు అధికారి వ్రాతమూలమున మేజిస్ట్రేటు అనుమతి ముందుగ పొందవలెను. సాక్షిగా విచారింపవలసిన స్త్రీని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. ఆమె నివసించు చోటనే విచారింపవలెనని 179వ సెక్షను. “మాటలాడి పంపివేయుదుము, ఠాణాకు రమ్మ”ని పిలిచినపుడు ఈ సెక్షను గుర్తుండవలెను.

జప్తైన వస్తువును తిరిగి ఇప్పింపుమని మేజిస్ట్రేటు యెదుట అర్జీ పెట్టుకొనవచ్చును. అందుకును ఆ జాబితాయే ఆధారము.

చేతిలోని పెట్టె

ఈ కాలమున ఇంటికంటె ఎక్కువ సంగతులు దాచు పెట్టె యొకటి మన అరచేతిలో నున్నది. 2021 అక్టోబరులో హైదరాబాదు వీథులలో పోలీసులు బాటసారులను ఆపి, వారి ఫోనులు తెరిపించి, సంభాషణలలో గంజాయి మాట యున్నదేమో వెదకుచున్న దృశ్యములు బయటికి వచ్చి చర్చకు కారణమైనవి. వేకువజామున బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లు తిరిగి ఆధారుకార్డులు, బండి కాగితములు అడుగు ‘కార్డన్ సెర్చి’ మన రాష్ట్రమున చాలచోట్ల జరిగినది. దొంగలు పట్టుబడుట అందరికి కావలసినదే. అయితే ముందు చెప్పిన మూడు ముడులతో దీనిని కొలువుడు. ఈ బాటసారిపై, ఈ యింటిపై ప్రత్యేకమైన కారణ మేది? దానిని తూచిన న్యాయాధికారి యెవరు? వెదకు వస్తువు ఎక్కడ వ్రాయబడినది? వాడ యంతటిని అనుమానించుట యనగా, బోస్టనులో ఓటిస్ ఎదిరించిన ఆ పేరు వ్రాయని వారంటునే మరల చేతబట్టుట.

అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ వ్యాజ్యమునందు, అరెస్టైనవాని జేబులోని ఫోనునైనను లోపలి సంగతులు చూచుటకు సామాన్యముగ వారంటు తేవలసినదే యని ఏకగ్రీవముగ చెప్పినది. మన దేశమున ఫోను తాళపు సంకేతము చెప్పుమని నిందితుని నిర్బంధింపవచ్చునా యను విషయమై న్యాయస్థానములలో భిన్నాభిప్రాయములు గలవు. కాని 2017 తీర్పు తరువాత ఫోనులోని ఉత్తరప్రత్యుత్తరములు మన ఏకాంతములో చేరినవి కావని యెవరును చెప్పజాలరు. వీథిలో నిలిపి ఫోను తెరువుమన్నచో, “ఏ కేసులో, ఏ చట్టము క్రింద?” అని వినయముగ నడుగుమని మన కొడుకులకును కూతుండ్రకును నేర్పవలెను.

హక్కును అడుగుట పోలీసును ద్వేషించుట కాదు. మన నగలు పోయినప్పుడు మనము పరుగెత్తునది వారి యొద్దకే. నియమము తప్పక సోదా చేసిన యుద్యోగికి కూడ ఆ పంచనామాయే రక్ష. దొరకిన వస్తువు తామే పెట్టిరను నింద అతనిపై పడదు. కాబట్టి మన ప్రశ్న ఇరువురికిని మేలు చేయును.

ఆడపిల్లలకు పద్దు వ్రాయుట, బ్యాంకు కాగితము నింపుట నేర్పుచున్నాము. వానితోపాటు, వచ్చినవారి పేరు, హోదా, ఠాణా, వచ్చిన వేళ, పోయిన వేళ ఒక కాగితముపై వ్రాసికొనుటయు, జాబితా చదువక వదలకుండుటయు నేర్పుడు. ఆ నకలును ఇంటి పట్టాలు, రసీదులు దాచు పెట్టెలోనే దాచుడు. భగవంతుని దయవలన దానితో పని పడకున్న మంచిదే. పని పడిన నాడు మాత్రము, ఇల్లాలి చేతిలో నున్న ఆ యొక్క కాగితమే వకీలునకు మొదటి ఆధారమగును.